హైదరాబాద్‌లో ఇల్లు ఎక్కడ తీసుకోవాలి: సిటీలో పాత ఫ్లాటా, కోకాపేట టవరా, మెట్రో చివరనా, ఓఆర్ఆర్ పక్కనా, బయట ప్లాటా?

ఇంటి కోసం వెతికేవాళ్లు నలుగురు కలిస్తే మొదటి మాట రేటు గురించే. అక్కడ ఎస్ఎఫ్‌టీ ఎంత పడుతోంది, ఇక్కడ గజం ఎంత చెప్తున్నారు, ఇదే గోల. నన్నడిగితే హైదరాబాద్‌లో రేటు చివర్లో చూడాల్సిన విషయం. ఈ ఊర్లో చవగ్గా వచ్చిన ఇంటికి మిగతా డబ్బులు నెలనెలా కడుతూనే ఉంటాం. కొంత పెట్రోల్ బంకులో, కొంత ట్యాంకర్ వాడికి, కొంత స్కూల్ బస్సుకి, ఇంకొంత కాలనీ అసోసియేషన్ చందాలకి.

ఎందుకిలా అయిందంటే ఊరు పెరిగిన తీరు అలాంటిది. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు కలిపి జీహెచ్ఎంసీ చేశారు, మరుసటి ఏడాది దాని చుట్టూ ఏడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ప్రాంతానికి హెచ్ఎండీఏ అనే అభివృద్ధి సంస్థని పెట్టారు, ఆ మధ్యలో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్, మన మాటల్లో ఔటర్) వచ్చింది. రోడ్డు ముందు వచ్చింది, దాని వెంటే వెంచర్లు వచ్చాయి, నీళ్ల పైపు, డ్రైనేజీ, సిటీ బస్సు మాత్రం తీరిగ్గా వస్తున్నాయి, కొన్ని చోట్ల ఇంకా రాలేదు. అంటే ఊరి అంచున ఇల్లు కొనేవాడు ఇంటితో పాటు మున్సిపాలిటీ చేయాల్సిన పనులు కూడా కొంటున్నాడు. ఈ ఒక్కటి బుర్రలో పెట్టుకుని కింద చెప్పినవి చూడండి.

ముందు ఏవి చూడాలి

మొదటిది టైమ్. కిలోమీటర్లు కాదు, టైమ్. బ్రోచర్లో "గచ్చిబౌలికి 20 నిమిషాలు" అని రాస్తారు, అది ఆదివారం పొద్దున ఆరింటి లెక్క. మీరు సోమవారమో మంగళవారమో పొద్దున తొమ్మిదికి ఆ ఇంటి దగ్గర నుంచి ఆఫీసుకి ఒకసారి, సాయంత్రం ఆరున్నరకి తిరిగి ఒకసారి వెళ్లి చూడండి, ఆ తర్వాతే అడ్వాన్స్ మాట. ఒక చిన్న లెక్క: ఒక వైపు 25 కిలోమీటర్లు, నెలకి 22 రోజులు, అంటే 1,100 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో కారు లీటరుకి 14 ఇస్తే, లీటరు 107 అనుకుంటే, పెట్రోల్ ఒక్కటే నెలకి 8,400 దాకా. రోజుకి రెండున్నర గంటలు రోడ్డు మీద గడిస్తే నెలకి 55 గంటలు. అంటే వారం పైన ఆఫీసు టైమంత రోడ్డు మీదే పోతుంది, దానికి జీతం ఎవరూ ఇవ్వరు.

రెండోది నీళ్లు. దీని గురించి జనం చాలా తక్కువ అడుగుతారు, ఎండాకాలం వచ్చాక గుర్తొస్తుంది. మంచినీళ్ల సరఫరాకి మనిషికి రోజుకి 135 లీటర్లు అన్నది మామూలుగా వాడే లెక్క. నలుగురున్న ఇంటికి 540, నెలకి 16 వేల చిల్లర. జీహెచ్ఎంసీలో 2021 నుంచి ఇంటికి నెలకి 20 వేల లీటర్లు ఫ్రీ ఇస్తున్నారు కాబట్టి ఆ లైన్ సరిగ్గా వచ్చే ఇంట్లో నీళ్ల ఖర్చు దాదాపు లేనట్టే. అదే కుటుంబం బోరు ఎండిపోయిన చోట ఉంటే 5,000 లీటర్ల ట్యాంకర్ తొమ్మిది రోజులకి అయిపోతుంది, నెలకి మూడు నాలుగు తెప్పించుకోవాలి, అది కూడా ట్యాంకర్ దొరికితే. 2024 ఎండల్లో సిటీ పడమటి వైపు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లే ట్యాంకర్ల కోసం లైన్లో ఉన్నాయి. అందుకే "బోరు ఉందా" అని అడగొద్దు, బోరు అందరికీ ఉంటుంది. "మంజీరా కనెక్షన్ (వాటర్ బోర్డు నల్లా) ఉందా, ఎన్ని రోజులకి ఒకసారి వస్తుంది, పోయిన మేలో నెలకి ఎన్ని ట్యాంకర్లు తెచ్చారు" అని అడగండి. వాచ్‌మన్‌ని అడిగితే ఇంకా మంచిది, సేల్స్ వాళ్లకి తెలియని విషయాలు ఆయనకి తెలుసు.

మూడోది వాన, అంటే చెరువు. హైదరాబాద్ చెరువుల ఊరు, ఒకదాని అలుగు నీళ్లు కింద చెరువులోకి పోయేలా గొలుసుకట్టుగా కట్టారు, ఇప్పుడు ఆ గొలుసు మధ్యలో కాలనీలున్నాయి. 2016 సెప్టెంబర్‌లో నిజాంపేట బండారి లేఅవుట్‌లో సెల్లార్లు నిండిపోయాయి, 2020 అక్టోబర్ వానలకి టోలిచౌకి నదీమ్ కాలనీ, సరూర్‌నగర్ కింది కాలనీలు, బాలాపూర్ వైపు ఉస్మాన్‌నగర్ మునిగాయి. నీళ్లు తమ పాత దారిన పోయాయి, మనమే ఆ దారిలో ఇల్లు కట్టుకున్నాం. పది హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి, పది మీటర్ల కంటే వెడల్పు ఉన్న నాలాకి కూడా 9 మీటర్లు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ అంకెలు అందరికీ నోటికొచ్చాయి గానీ రూల్ అంతకు ముందు నుంచే ఉంది. "లేక్ వ్యూ" అని చెప్పి ఎక్కువ రేటు అడిగితే ఆ చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాప్ ముందు పెట్టమనండి.

నాలుగోది కాగితాలు, ఆప్షన్ని బట్టి మారతాయి కాబట్టి కింద ఎక్కడికక్కడ చెప్తా. ఇక స్కూల్, హాస్పిటల్, కూరగాయల బండి నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయా, రేపు అద్దెకి ఇస్తే మనిషి దొరుకుతాడా, ఇవి మీకే తెలుసు, సాగదీయను.

ఒక్క చూపులో

| | సిటీలో పాత ఫ్లాట్ | పడమటి టవర్ | మెట్రో చివర్లు | ఓఆర్ఆర్ పక్కన ఇల్లు | ఓఆర్ఆర్ దాటి ప్లాట్ |
|---|---|---|---|---|---|
| ఉదాహరణకి | బర్కత్‌పుర, విద్యానగర్, మలక్‌పేట | కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ | నాగోల్, ఎల్బీ నగర్, మియాపూర్ | ఆదిభట్ల, ఘట్‌కేసర్, దుండిగల్ | షాద్‌నగర్, భువనగిరి, సదాశివపేట |
| రోజూ ప్రయాణం | బస్సు, మెట్రో, ఆటో అన్నీ | ఆఫీసు పక్కనే అయితే సుఖం, లేకపోతే నరకం | మెట్రో ఉంది, స్టేషన్ దాకా వెళ్లడమే పని | కారు తప్పనిసరి | రోజూ వెళ్లేది కాదు |
| నీళ్లు | లైన్ పాతదే కానీ ఉంది | లైనూ ట్యాంకరూ కలిపి | వీధిని బట్టి | బోరు, ట్యాంకర్ | మీ బోరు మీ అదృష్టం |
| నెలవారీ భారం | తక్కువ | మెయింటెనెన్స్ ఎక్కువ | మధ్యరకం | పెట్రోల్ ఎక్కువ | దాదాపు లేదు |
| పెద్ద రిస్క్ | బిల్డింగ్ వయసు, పార్కింగ్ | లేట్ హ్యాండోవర్, ఓవర్ సప్లై | కింది కాలనీల్లో వరద | సదుపాయాలు ఎప్పుడొస్తాయో తెలీదు | కాగితాలు |

సిటీ మధ్యలో పాత ఫ్లాట్

దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, లిఫ్ట్ పాతది, కారు పెట్టడానికి చోటుండదు, ఇంటికొచ్చిన చుట్టాలు "ఇంకా ఇక్కడేనా" అంటారు. కానీ పైన చెప్పిన లెక్కలు వేస్తే ఎక్కువ మార్కులు దీనికే. నల్లా లైన్ ఉంది, డ్రైనేజీ ఉంది, ఆర్టీసీ బస్సు ఇంటి దగ్గర ఆగుతుంది, ఇంట్లో ఆడవాళ్లకి 2023 డిసెంబర్ నుంచి అదీ ఫ్రీ. పిల్లల కాలేజీకి, అమ్మా నాన్నల డాక్టర్‌కి కారు తీయక్కర్లేదు.

ఇంకోటి యూడీఎస్, అంటే కింద భూమిలో మీ వాటా. 500 గజాల్లో పది ఫ్లాట్లున్న పాత బిల్డింగ్‌లో ఒక్కొక్కరికి 50 గజాలు వస్తాయి. ఐదెకరాల్లో వెయ్యి ఫ్లాట్ల టవర్లు కడితే ఆ ఐదెకరాలు 24,200 గజాలు కాబట్టి మనిషికి 24 గజాలు. ముప్పై ఏళ్ల తర్వాత బిల్డింగ్ విలువ పోయాక మిగిలేది ఆ గజాలే. పాత బిల్డింగ్‌ని అందరూ కలిసి డెవలప్‌మెంట్‌కి ఇచ్చే రోజు వస్తే మీ చేతిలో బేరమాడే బలం ఉంటుంది, అయితే పది మంది ఓనర్లు ఒక మాట మీదకి రావాలి, అది పది పెళ్లిళ్లు చేసినంత పని.

చూడాల్సినవి: శాంక్షన్ ప్లాన్‌లో ఎన్ని ఫ్లోర్లున్నాయి, పైన పెంట్‌హౌస్ అని అమ్మేది ప్లాన్‌లో ఉందా, స్లాబ్‌లో ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడుతోందా. స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి కొంచెం డబ్బులిచ్చి చూపించండి. పాత బిల్డింగ్‌కి బ్యాంకు లోన్ టెన్యూర్ కూడా తగ్గించొచ్చు, అది ముందే అడగాలి.

పడమటి వైపు టవర్లు

2006లో ఎత్తు మీద, ఎఫ్ఎస్ఐ (స్థలం సైజుని బట్టి ఎంత కట్టొచ్చన్న లెక్క) మీద పరిమితులు సడలించాక రోడ్డు వెడల్పు, స్థలం సైజు ఉంటే చాలు ఎంత ఎత్తైనా కట్టొచ్చన్న పరిస్థితి వచ్చింది. ఫలితం కోకాపేటలో కళ్ల ముందే ఉంది. 2023 ఆగస్టులో అక్కడ నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది, ఆ రేటుకి కొన్నవాడు నలభై యాభై ఫ్లోర్లు వేయకుండా ఎలా ఉంటాడు చెప్పండి.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో గచ్చిబౌలిలోనో ఇద్దరికీ ఉద్యోగం ఉంటే ఇది మంచి ఆప్షనే. పిల్లలు కింద ఆడుకుంటారు, పవర్ బ్యాకప్ ఉంటుంది, పెద్దవాళ్లకి వాకింగ్ ట్రాక్ ఉంటుంది, ఆఫీసు పది పదిహేను నిమిషాలు. ఆ పది పదిహేను నిమిషాల కోసమే ఆ రేటు. ఒకరి ఆఫీసు అక్కడ, ఇంకొకరిది ఉప్పల్ వైపు అయితే మాత్రం రోజూ ఒకరు బలి. పైగా ఐటీలో ఉద్యోగం మారడం మామూలే, ఇరవై ఏళ్ల లోన్ ఇప్పటి ఆఫీసుని చూసి తీసుకుంటున్నాం అన్నది గుర్తుంచుకోవాలి.

మెయింటెనెన్స్ లెక్క ముందే వేయండి. ఎస్ఎఫ్‌టీకి నాలుగు రూపాయలు అనుకున్నా 2,000 ఎస్ఎఫ్‌టీకి నెలకి 8,000, నెలకి 7,500 దాటితే జీఎస్టీ కూడా పడొచ్చు. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది, ఓసీ (బిల్డింగ్ పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాక కొంటే అది లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం దాకా ఎలాగూ ఉంది. ఇవేవీ "ఎస్ఎఫ్‌టీ ఇంత" అన్న మాటలో ఉండవు.

ప్రీ-లాంచ్ జోలికి పోవద్దు. రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్ని రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ) నంబర్ రాకుండా బుకింగ్ తీసుకోవడమే తప్పు, 500 చదరపు మీటర్లు గానీ 8 యూనిట్లు గానీ దాటితే రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. "ఇప్పుడు మొత్తం కడితే సగం రేటు" అంటే ఆ సగం రేటు ఫ్లాట్‌కి కాదు, అది మీరు ఆయనకి ఇస్తున్న అప్పు, వడ్డీ లేదు, సెక్యూరిటీ లేదు. ఇలా చిక్కుకుని ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలు మీకూ తెలిసే ఉంటాయి.

మెట్రో చివర్లు: నాగోల్, ఎల్బీ నగర్, మియాపూర్

నాకు పర్సనల్‌గా బాగా నచ్చేది ఇదే, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, చూసి చదువుకోండి. 2017 నవంబర్‌లో మెట్రో మొదలైంది, ఇప్పుడు 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. నాగోల్ నుంచి రాయదుర్గం, ఎల్బీ నగర్ నుంచి మియాపూర్, రెండూ గంట లోపే, ఎండైనా వానైనా వీఐపీ వచ్చినా అదే గంట. చివరి స్టేషన్ అయితే సీటు కూడా దొరుకుతుంది. మూడు కోచ్‌ల రైళ్లే కాబట్టి అమీర్‌పేట దగ్గర ఊపిరాడదు, ఛార్జీలు 2025లో పెంచారు, అయినా కారుతో పోలిస్తే ఏమీ కాదు.

కండిషన్ ఒక్కటే. స్టేషన్‌కి నడిచి పది నిమిషాల్లో ఉండాలి. "మెట్రోకి 4 కిలోమీటర్లే" అన్న ఇల్లు మెట్రో ఇల్లు కాదు, బండి పార్కింగ్‌కి ఇచ్చి, దిగాక మళ్లీ షేర్ ఆటో ఎక్కి, అన్నీ కలిపితే టైమూ డబ్బూ రెండూ పోతాయి. సరూర్‌నగర్, నాగోల్ వైపు కొన్ని కాలనీలు చెరువుల కింద ఉన్నాయి, అక్కడ వానాకాలం ఫోటోలు పక్కింటివాళ్లని అడగండి, ఫోన్లో ఉంటాయి.

రాబోయే మెట్రో మీద మాత్రం రూపాయి ఎక్కువ పెట్టొద్దు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు మొదటి ఫేజ్‌లోనే కట్టాల్సింది. అదే ఇన్నేళ్లు ఆగింది. రీజినల్ రింగ్ రోడ్డుకి కూడా ఇదే సూత్రం. రైలు తిరిగాక, రోడ్డు మీద బండి పోయాక అప్పుడు చూద్దాం.

ఓఆర్ఆర్ పక్కన విడి ఇల్లు

మన ఇల్లు, మన గేటు, నాలుగు మొక్కలు, పైన ఆకాశం. ఊరి నుంచి వచ్చినవాళ్లకి ఫ్లాట్ అంటే పెట్టెలో ఉన్నట్టుంటుంది, ఆ బాధ నిజమే. అదే డబ్బుకి కోకాపేటలో చిన్న ఫ్లాట్ కూడా రాదు.

కానీ ఒక విషయం చాలామందికి ఇల్లు కొన్నాక తెలుస్తుంది: ఔటర్ మీదకి టూ వీలర్‌ని, ఆటోని రానివ్వరు. అంటే ఔటర్ పక్కనే ఇల్లున్నా బైక్ ఉన్నవాడు సర్వీస్ రోడ్డు మీదే వెళ్లాలి, అది కొన్ని చోట్ల బాగుంటుంది, కొన్ని చోట్ల రాత్రి పూట లైటు కూడా ఉండదు. కారున్నవాడికి రోజూ టోల్. ఇంట్లో ఒక్క కారే ఉంటే, అది ఆఫీసుకెళ్లాక ఇంట్లో ఉన్న మనిషి పగలంతా అక్కడే. కాలేజీకెళ్లే అమ్మాయి సాయంత్రం ఏడింటికి ఎలా వస్తుంది అన్నది కొనేముందు ఆలోచించండి. మేడ్చల్ వైపు 2023 నుంచి, ఘట్‌కేసర్ వైపు 2024 నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది, మంచిదే, రైళ్లు చాలా తక్కువ, టైమ్ టేబుల్ మీ షిఫ్ట్‌కి కలిస్తేనే పనికొస్తుంది.

డ్రైనేజీ లైన్ లేకపోతే సెప్టిక్ ట్యాంక్, దాన్ని ఖాళీ చేసే బండి, వాన పడితే మురుగు రోడ్డు మీద. స్ట్రీట్ లైట్ నుంచి చెత్త బండి దాకా ప్రతిదానికీ కాలనీ అసోసియేషన్ మీటింగ్, చందా, కార్పొరేటర్ దగ్గరికి పోవడం. తీరిక, ఓపిక ఉండి ఇలాంటివి చేయగలిగిన మనిషి కాలనీలో ఒక్కరున్నా ఆ కాలనీ బాగుపడుతుంది, నిజంగా. కాబట్టి పూర్తిగా ఖాళీగా ఉన్న వెంచర్ కంటే సగం ఇళ్లు నిండిన కాలనీలో రీసేల్ ఇల్లు తీసుకోవడం మేలు, గజానికి కొంచెం ఎక్కువైనా సరే.

గండిపేట, హిమాయత్‌సాగర్ వైపు అయితే ఇంకో మాట. ఆ రెండు జలాశయాల చుట్టూ 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో ఉంది, 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. అది చూపించి "ఇక ఫ్రీ జోన్" అంటారు. లాయర్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు, అంతే.

ఓఆర్ఆర్ దాటి ప్లాట్

ఇది ఇల్లు కాదు, పెట్టుబడి. ఉండటానికి ఇల్లు కావాల్సినవాడు ప్లాట్ కొంటే అద్దె ఒక పక్క, ఈఎంఐ ఇంకో పక్క, ప్లాట్‌లో తుమ్మచెట్లు.

చూడాల్సినవి టకటకా చెప్తా. హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) ఫైనల్ అప్రూవల్ ఉందా, డ్రాఫ్ట్ మాత్రమేనా. మీకిచ్చే ప్లాట్, పనులు పూర్తయ్యేదాకా అప్రూవల్ ఇచ్చే సంస్థకి మార్ట్‌గేజ్‌లో పెట్టిన వాటిలో ఉందా. భూమి 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, అసైన్డ్ భూమా (ప్రభుత్వం పేదలకిచ్చినది, అమ్మకూడదు), చెరువు శిఖమా (చెరువు లోపలి భూమి). అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్ 2020 ఆగస్టు నుంచి ఆపేశారు, ఎల్ఆర్ఎస్ (ఫీజు కట్టి లేఅవుట్‌ని క్రమబద్ధం చేయించుకునే స్కీమ్) ఉంటే తప్ప ముందుకి కదలదు. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ అంటే వ్యవసాయ భూమి ముక్క, 121 గజాలు గుంట, అందులో ఇల్లు కట్టుకునే పర్మిషన్ రాదు, మామూలు హోమ్ లోన్ రాదు. వీకెండ్ సైట్ విజిట్‌కి ఏసీ బస్సు, భోజనం పెట్టారని మొహమాటపడొద్దు.

అసలు కొనాలా?

కోటి రూపాయల ఫ్లాట్‌కి 80 లక్షల లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 69 వేల పైన. అలాంటి ఫ్లాట్‌కే అద్దె మామూలుగా అందులో సగం కూడా ఉండదు. ఉద్యోగం మూడేళ్లకోసారి మారేవాళ్లు, పిల్లల స్కూల్ ఇంకా ఖాయం కానివాళ్లు ఆఫీసు పక్కన అద్దెకుండి తేడా డబ్బు దాచుకుంటే తప్పేం లేదు. "అద్దె అంటే వేస్ట్" అని మావయ్యలు అంటారు, లోన్ వడ్డీ మాటేంటని ఎవరూ అడగరు.

ఎవరికి ఏది

భార్యాభర్తల ఆఫీసులు ఊరికి చెరో చివర ఉంటే: మెట్రో లైన్ మీద, మధ్యలో ఎక్కడైనా, పాత ఫ్లాట్ అయినా సరే. ఇద్దరి టైమ్ కలిపి చూడండి, ఒకరి సుఖం కాదు.

ఊర్లో పొలం అమ్మి సిటీకి వస్తున్న రిటైర్డ్ అమ్మానాన్నలు: వాళ్లకి విల్లా కొనిపెట్టి ఔటర్ దగ్గర దింపేయొద్దు. పలకరించే మనుషులు, గుడి, మందుల షాపు, నడిచే దూరంలో ఉన్న మలక్‌పేటో విద్యానగరో నయం. తోట కావాలంటే కుండీలు చాలు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి కొనేవాళ్లు: ప్లాట్ మీద కన్నేసి ఉంచే మనిషి ఇక్కడ లేకపోతే ప్లాట్ వద్దు, హద్దు రాళ్లు వాటంతటవే కదులుతాయి. ఓసీ వచ్చి జనం ఉంటున్న ఫ్లాట్, అద్దె వచ్చేది, తీసుకోండి. పవర్ ఆఫ్ అటార్నీ ఎవరికిస్తున్నారో రెండుసార్లు ఆలోచించండి, సొంత తమ్ముడైనా.

బడ్జెట్ 40, 50 లక్షలే అయితే: కొత్తది కావాలన్న పట్టుదల వదిలేస్తే సిటీ లోపల దొరుకుతుంది. 900 ఎస్ఎఫ్‌టీ పాత ఫ్లాట్, బస్ స్టాప్ పక్కన. వదలకపోతే ఔటర్ దాకా వెళ్లాలి, అప్పుడు కారు ఖర్చు బడ్జెట్‌లో కలిపి లెక్కేసుకోండి.

వర్క్ ఫ్రమ్ హోమ్ పక్కాగా ఉన్నవాళ్లు, అంటే ఆఫర్ లెటర్లో రాసి ఉన్నవాళ్లు, మేనేజర్ నోటి మాట కాదు: ఔటర్ పక్కన ఇల్లు మీకు నిజంగానే బాగుంటుంది. నీళ్ల సంగతి, నెట్ కేబుల్ సంగతి చూసుకుని, జులైలో గట్టిగా వాన పడ్డ రాత్రి ఒకసారి ఆ వీధికి వెళ్లి, నీళ్లు ఎటు పోతున్నాయో చూసి, అప్పుడు అగ్రిమెంట్ రాయించుకోండి.